సత్తెన్న వాయించని తని

నిన్న పొద్దున వాట్సాప్ తెరిచాను. మా సంగీత సభ వాళ్ల గ్రూపు. ఆదివారం కచేరీ ఫ్లయర్, దాని కింద ఎవరిదో గుడ్ మార్నింగ్, దాని కింద "మృదంగం సత్తయ్య గారు ఇక లేరు".

అంతే. ఒక్క లైను.

మూడు రోజుల కిందట నాతో ఫోన్లో గంటసేపు మాట్లాడిన మనిషి. హార్ట్ ఎటాక్ అట. యాభై రెండేళ్లు. నమ్మలేక ఆయన భార్యకు, వదినకు, ఫోన్ చేశాను. ఎత్తింది, ఏడుస్తోంది. అప్పుడు నమ్మాను.

మధ్యాహ్నానికల్లా సభ పేజీలో పోస్టర్ వచ్చేసింది. "మా కుటుంబ సభ్యుడు, మహా విద్వాంసుడు." పెద్ద ఫొటో, చుట్టూ పూలదండ.

పదిహేనేళ్లు వాళ్ల స్టేజీ మీద వాయించాడు. బతికుండగా ఒక్క పోస్టర్ మీద ఆయన ఫొటో వేయలేదు. నాది వేసేవాళ్లు, పాడేదాన్ని కదా. ఆయన పేరు కింద చిన్న అక్షరాల్లో, అదీ చోటు మిగిలితే. నిన్న వేసిన ఫొటో కూడా నా పక్కన కూర్చున్నప్పటిదే. నన్ను కత్తిరించి వేశారు. సిగ్గు లేదు వీళ్లకు.

తెలియని వాళ్ల కోసం చెప్తాను.

సత్తెన్నది నాచారమే, అక్కడ పొలాలున్న రోజుల నుంచీ. పగలు ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో షిఫ్టు. సాయంత్రం ఉప్పల్‌లో ఒక అద్దె గదిలో పిల్లలకు మృదంగం క్లాసు. సెలవు రోజుల్లో నాలాంటి వాళ్ల పక్కన కచేరీలు.

మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ అతను ప్రతిసారీ మృదంగం సంచి విప్పించేవాడు. నాకు చిరాకొచ్చేది. సత్తెన్న నవ్వేవాడు.

"నన్ను ఆపి నీ దగ్గర ఏమున్నదని అడిగెటోడు గీ సిటీల ఈనొక్కడే చెల్లె. అడగనీ."

ఒకసారి హబ్సిగూడలో "క్లాసికల్ మ్యూజిక్‌లో కెరీర్ నిలబెట్టుకోవడం ఎలా" అని వర్క్‌షాప్ పెడితే ఇద్దరం వెళ్లాం. టై కట్టుకున్న ఒకాయన రెండు గంటలు స్లైడ్లు చూపించాడు. ప్రతి ఆర్టిస్టూ ఒక బ్రాండ్ అట. రోజుకో రీల్ పెట్టాలట.

సత్తెన్న చెయ్యెత్తాడు. "సార్, నాదొక డౌటు. నేను పక్క వాయిద్యం. పాడెటోళ్లు పిలిస్తెనే పోత. నన్ను నేను ఎట్ల పిల్సుకోవాలె?"

హాలంతా నవ్వింది. ఆయన "గుడ్ క్వశ్చన్" అని తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను.

కచేరీలో పెద్ద కీర్తన అయ్యాక పాడేవాళ్లు ఆగుతారు. మృదంగం ఒక్కటే మోగుతుంది. దాన్ని తని అంటాం. మృదంగం వాయించేవాడికి మొత్తం కచేరీలో తనదంటూ ఉండేది అదొక్కటే. మా సభలో దానికెప్పుడూ టైం ఉండదు. రెండు నిమిషాల్లో ముగించమంటారు.

రెండేళ్ల కిందట వార్షికోత్సవంలో నాకు మెయిన్ కచేరీ ఇచ్చారు. బతిమాలి తనికి పదిహేను నిమిషాలు ఒప్పించాను. సత్తెన్న మూడు నెలలు సాధన చేశాడు. క్లాసు పిల్లల తల్లిదండ్రులందరినీ పిలిచాడు. వదిన మొదటిసారి ఆయన కచేరీకి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఆ ఒక్కరోజు తని మంచిగ పడితే సాలు చెల్లె. సూసినోళ్లు ఇంకో పదిమంది పిల్లలను జేర్పిస్తరు. ఫ్యాక్టరీ ఇడిసిపెడ్త. గీ షిఫ్టులతోని చేతులు మొద్దుబారుతున్నయ్."

పెద్ద కీర్తన చివరికొచ్చింది. స్టేజీ పక్క నుంచి సెక్రటరీ గారు చెయ్యి ఊపుతున్నారు. చీఫ్ గెస్ట్ వెళ్లిపోతానంటున్నాడు, సన్మానం కావాలి, ముగించు అని.

నేను సత్తెన్న వైపు చూడలేదు.

మంగళం ఎత్తుకున్నాను.

మంగళం పాడాక ఇంకేదీ పాడరు, వాయించరు. కచేరీ అయిపోయినట్టే. మా సంగీతంలో దాన్ని ఎవరూ దాటరు. ఆ ఆచారాన్ని అడ్డం పెట్టుకుని నేను ఆయన చేతులు కట్టేశాను.

ఒక్క క్షణం ఆగి, ఆయన మంగళానికి వాయించాడు. ఎంత శుభ్రంగా వాయించాడో.

స్టేజీ దిగగానే వదిన నన్నే అడిగింది. "ఆయన ఒక్కడే వాయించేది ఎప్పుడొస్తది?"

తిరిగి వస్తూ ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఛాయ్‌కి ఆగాం. సారీ చెప్పబోయాను.

"నాకెర్క లేదా చెల్లె. సెక్రటరీ మాట ఇనకపోతే మళ్ల నిన్ను పిలువడు. నీకు గదే బతుకుదెరువు."

క్షమించాడని రాయలేను. అర్థం చేసుకున్నాడు, అంతే. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

కొత్త పిల్లలెవరూ చేరలేదు. ఉన్నవాళ్లలో కొందరు కీబోర్డుకు మారిపోయారు. ఆయన చివరి దాకా షిఫ్టుకు వెళ్తూనే ఉన్నాడు. నాకు మాత్రం సభ నుంచి పిలుపులు ఆగలేదు.

ఇవాళ పొద్దున సెక్రటరీ ఫోన్ చేశాడు. సత్తయ్య గారి స్మృతిలో కచేరీ అట, నేను పాడాలట. "చీఫ్ గెస్ట్ ఆరింటికే వస్తరు, జర క్రిస్ప్‌గా ప్లాన్ చెయ్యమ్మా" అన్నాడు.

రాను. ఇక ఎప్పటికీ రాను. సెక్రటరీకి నేరుగా చెప్పే ఓపిక లేదు. గ్రూపులో ఉన్నవాళ్లు దీన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపేయండి. చనిపోయాక సత్తెన్న పేరు మీద శాలువాలు కప్పుకోవడానికి నా గొంతు ఇవ్వను. పిలుపులు ఆగిపోతాయని తెలుసు. ఆగనీ.

సత్తెన్న ఆ రోజు కోసం కట్టుకున్న తనిని తన పిల్లలకు మొత్తం నేర్పాడట. నాకు నిన్ననే తెలిసింది. పదకొండో రోజు సాయంత్రం నాచారంలో వాళ్లింటి ముందు ఆ పిల్లలు దాన్ని వాయిస్తారు. మైకు లేదు, గెస్టు లేడు. మీరూ రండి.

తని జరుగుతున్నంతసేపూ తాళం వేయడం పాడేవాళ్ల పని. నేను పాడను. వదిన పక్కన కూర్చుని తాళం వేస్తాను, ఎంతసేపైనా.

వెళ్లిరా సత్తెన్నా. నిన్ను మధ్యలో ఎవరూ ఆపని చోట ప్రశాంతంగా ఉండు.