తడిపిన తెర వెనక

మా నాయనకు నా ఆట మీద కోపం లేదు, నా ముఖం నలుగురూ చూస్తారనే కోపం. బడిలో నేర్చుకున్న కోలాటం అడుగులు ఇంట్లో వేస్తే చుట్ట కాల్చుకుంటూ చూసేవాడు. వేదిక అనగానే మాత్రం, నలుగురిలో ముఖం చూపించి ఎగిరేది మన ఇంటా వంటా లేదని తేల్చేసేవాడు. నాకా, పెళ్ళయ్యేలోగా ఒక్కసారైనా జనం ముందు ఆడి తీరాలని పంతం. పంతం పడితే నేనూ ఆయన కూతుర్నే.

మా అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, టూరింగ్ టాకీసులో బొమ్మ వేసే మిషను ఆడించేవాడు. ఆ ఏడు వాళ్ళ డేరా మా ఊరి పక్కన తనకల్లులో దిగింది. దారి చూపింది ఆయనే. తోలుబొమ్మలవాళ్ళు దీపం తెర వెనక పెట్టరా? అట్లాగే మిషన్ను వెనక్కి మార్చి బొమ్మ వేస్తాడట. మిషనుకూ తెరకూ మధ్యలో నేను ఆడితే నా నీడ ఆ బొమ్మ మీద పడుతుంది, ముఖం ఎవరికీ కనబడదు. నాయన చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించి, నీడకు ముఖం ఉండదు కాబట్టి సరేనన్నాడు.

వెనకనుంచి వేస్తే అక్షరాలు తిరగబడతాయని మామ రాతల్లేని రీలు వెతికి తెచ్చాడు. ఏదో ఆనకట్ట నుంచి నీళ్ళు దూకుతున్న సర్కారు ప్రచారపు రీలు. దానికి కోలాటం అడుగులు కుదిరితే ఒట్టు! నీళ్ళు దూకితే నేను దూకాలి, కాలవలో పారితే నా చేతులు పారాలి. దాన్ని ఏ నాట్యమంటారో నాకిప్పటికీ తెలియదు.

“నీళ్ళకంటే ముందే పోతాండావు మేయ్” అని మామ కసిరేవాడు.

“నీ నీళ్ళే నత్తనడక నడుస్తాండాయి” అని నేనూ ఊరుకోలేదు.

గుడ్డలోంచి వెలుతురు బాగా రావాలంటే తెర తడపాలి. తాగడానికే నీళ్ళు లేకపోతే గుడ్డకు పోస్తారా అని అమ్మ సణిగి సణిగి, ఆఖరికి తనే కడవ మోసుకొచ్చింది.

మొదటి ఆటకు ముందు నా వంతు. అన్ని నీళ్ళు ఒక్కసారిగా కనబడేసరికి జనం ఈలలేశారు. చివర్లో నేను మిషను వైపు జరిగాను, నా నీడ పెరిగి ఆనకట్టను కప్పేసింది. డేరా దద్దరిల్లింది. ఒళ్ళంతా చెమట, కడుపు నిండినంత సంతోషం.

ముందు వైపు జరిగింది తర్వాత తెలిసింది. ఆడింది తన బిడ్డేనని నాయన పక్కనున్న ఆసామికి చెప్పుకున్నాడట. అది సినిమాలో బొమ్మ, ఏ మద్రాసులోనో తీసింటారని ఆయన నవ్వాడట. చుట్టూ ఉన్నవాళ్ళూ అదే మాట. నాయన ఎంత చెప్పినా వినకుండా, “ఏమప్పా, బొమ్మలో ఆడేది నీ కూతురా? ఇంకాసేపుంటే ఆనకట్ట కూడా నాదే అంటావు” అన్నారట.

నాయన విసవిసా తెర వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. ముందుకు లాక్కుపోతుంటే భయమేసింది.

“నాయనా, ముఖం కనపడుతుంది” అన్నాను.

“కనపడనీ. ఎవురి బిడ్డవో తెలియాల్నా, వద్దా?”

జనం ముందు నన్ను నిలబెట్టి, పక్కనున్న పెట్రోమాక్సు దీపం తనే తీసి నా ముఖం దగ్గర ఎత్తి పట్టుకున్నాడు.

“బాగా చూడండప్పా” అన్నాడు.