సన్నకాలువల సుగుణక్క

సుగుణక్క కన్నుమూసిందని బోధన్ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, దుఃఖం కన్నా ముందు నా నోట వచ్చిన మాట, “ఎవరు చెప్పిండ్రు నీకు?” పదేళ్లు ఆమె పక్కన పనిచేసినవాడికి ఏ కబురునూ వెంటనే నమ్మే గుణం మిగలదు. “నా చేతులల్లనే పోయిందన్నా” అన్నాడాయన.

చక్కెర ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చెరుకు రసం పరీక్షించి, నిజామాబాద్‌లోని మా చిన్న ప్రయోగశాలకు వచ్చిన విదుషి ఆమె. మేము చేస్తున్నది తపాలా బిళ్లంత చిప్పు. అందులోని వెంట్రుకంత కాలువల్లో చెరుకు రసమూ, రంగు మారే మందూ సమానవేగంతో ప్రవహించి కలిస్తే, ఒక్క చుక్కతోనే తీపి ఎంతో తెలుస్తుంది. ప్రవాహం రవ్వంత తడబడినా లెక్క అబద్ధమవుతుంది.

ఒక వేసవిలో పొద్దున సవ్యంగా సాగే ప్రవాహం మధ్యాహ్నానికి గతి తప్పేది. బోధన్ రైతుల ముందు చిప్పును చూపించాల్సిన రోజు దగ్గరపడింది. గది తాళం చెవులు మా ఇద్దరి దగ్గరే ఉన్నాయి. నేను అన్నానికి వెళ్తే ఆమె లోపలే ఉండేది. తిరిగి వస్తే ఏదో రాసుకుంటున్న నోటుపుస్తకం చప్పున మూసేది. పని చెడగొడుతున్నది ఈమేనా అన్న సందేహం నన్ను తినసాగింది. ఒకరోజు, రసాన్ని నెట్టే పంపు చుట్టూ పెన్సిల్‌తో సన్నని గీత గీసి వెళ్లాను. వచ్చేసరికి పంపు గీత దాటి ఉంది.

“అక్కా, పంపును ఎవరు జరిపిండ్రు?”

“నేనే.”

ఆమె నోటుపుస్తకం నా ముందు తెరిచింది. పంపు నుంచి చిప్పుకు రసం తెచ్చే గొట్టం మీద కిటికీ ఎండ పడిన వేళలు, ప్రవాహం తప్పిన వేళలు పక్కపక్కన ఉన్నాయి. గొట్టం మలుపులో చిక్కుకున్న ఆవగింజంత గాలి బుడగను వేలితో చూపింది. “ఎండ వడితే గిది ఉబ్బి రసాన్ని ముందటికి నూకుతది. సల్లవడితే ఎనుకకు గుంజుతది. నీడకు జరిపి సూసిన, నిలకడగ పారింది. గట్టిగ తేలేదాక నీకు చెప్పొద్దనుకున్న.”

నేను తల దించుకున్నాను. ఆమె మెల్లగా అన్నది: “నీ గీత సూసిన తమ్మీ. నన్ను అనుమానించినవ్, తప్పేం లేదు. గొట్టాన్ని గూడ గంతే అనుమానిస్తే నెల రోజులు మిగులుతుండె.”

బోధన్‌లో ఒక రైతు రెండు సీసాలు తెచ్చి, రెండు పొలాల రసమన్నాడు. రెండు లెక్కలూ ఒక్కటే వచ్చాయి. “రెండూ ఒక్క చెరుకు గడ రసమేనా బాపు?” అని అక్క అడిగింది. “పరీక్ష వెట్టకుంట మిమ్ముల నమ్ముడెట్ల మరి?” అన్నాడాయన. అంత సంతోషంగా ఆమెను నేనెన్నడూ చూడలేదు.

అనుమానించినందుకు క్షమించమని మాత్రం ఆమెను నేను ఎప్పుడూ అడగలేదు. నిన్న ఒక పరీక్షలో లెక్క మొదటిసారే సరిగ్గా వచ్చింది. “ఇంకొక్కపాలి చెయ్యి” అనే అక్క గొంతు వినబడక చాలాసేపు బల్ల దగ్గరే నిలబడ్డాను. ఆ నిష్ఠకు నా నమస్సులు. నా తప్పును నాకన్నా ముందు చూడగల కళ్లు ఇక లేవు.