పచ్చి చేపా, పెద్ద మామా, నేనూ

ఆ రోజుల్లో నాకు భయాలు ఎక్కువ. లిఫ్టంటే భయం, ఇంగ్లీషులో పలకరించేవాళ్ళంటే భయం, ఇఖామా చూపించమనే పోలీసంటే మరీ భయం (ఆ నివాస అనుమతి కార్డు బ్యాగులో భద్రంగా ఉన్నా సరే). ఇప్పుడు తలుచుకుంటే వాటిలో ఒక్కటీ నన్నేమీ చేయలేదు. నన్ను నిజంగా కదిలించింది ఒక చేప ముక్క.

కడప వైపు నుంచి కువైట్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జహ్రాలో ఒక ఇంట్లో పని. ఇంటావిడను మామా అనీ, ఆమె తల్లిని పెద్ద మామా అనీ పిలిచేదాన్ని. పెద్ద మామాను చూసుకోవడమే నా ఉద్యోగం. నేను చేరిన కొత్తలోనే ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి ఆమెకు తిండి సహించడం లేదు. అలకా లేదు, మొండితనమూ లేదు. పళ్ళెం ముందు బుద్ధిగా కూర్చునేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూసేది, కాసేపటికి "ఖలాస్" అని లేచేది. చాయ్, రెండు ఖర్జూరాలు, అంతే. మనిషి వత్తిలా అయిపోయింది. ఆసుపత్రిలో చేర్చి ట్యూబు ద్వారా ఆహారం ఎక్కించాల్సి రావచ్చని డాక్టరు అన్న రోజున, మామా ఫ్రిజ్ తలుపు తెరిచి దాని చాటున ఏడవడం చూశాను.

అప్పుడే సిటీలో జపాన్ చేపల బజారొకటి తెరిచారని మామాకు ఎవరో చెప్పారు. పెద్ద మామా పుట్టిల్లు పడవలవాళ్ళది. చేపల్ని చూస్తేనైనా ఆకలి పుడుతుందేమోనని మామా ఆశ. ఒక శుక్రవారం మా ముగ్గురినీ రాయచోటి డ్రైవర్ భాయ్ కారులో తీసుకెళ్ళాడు. అక్కడ చేపను పచ్చిగానే కోసి పెడతారని దారిలో మామా చెప్పడంతో, దిగాక అతను కారుకే అతుక్కుపోయాడు. "నేను రాను పాపా. ఆ తినేది జూసినానంటే నాకు వారం దినాలు అన్నం దిగదు. మనూర్లో పిల్లులు గూడ వాసన జూసి తింటాయి," అన్నాడు.

తలుపు తీయగానే తలకు గుడ్డలు కట్టుకున్న పనివాళ్ళంతా ఒక్కసారిగా జపాన్ భాషలో కేక పెట్టారు. (అందరూ ఫిలిప్పీన్స్ పిల్లలే. అది స్వాగతమని తరవాత తెలిసింది.) పెద్ద మామా నా చేయి గట్టిగా పట్టుకుని, "ఏమైంది? దొంగ దొరికాడా?" అంది. ఐసు మీద చేపలు వరసగా పడుకుని ఉన్నాయి. తొట్టిలో పీతలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పెద్ద మామా వేలితో ఒక చేప మొప్ప ఎత్తి చూసి తల ఊపింది. ఆ ఊపు చూసి మామా ముఖం వెలిగిపోయింది. వెంటనే ఆ చేపనే కోయించింది.

ఎర్రగా, పల్చగా, ముక్కలు బల్ల మీదకొచ్చాయి. మా ఊళ్ళో చేపంటే చెరువు చేప, అదీ చింతపండు పులుసులో తన పేరు తాను మరిచిపోయేదాకా ఉడకాలి. పెద్ద మామా ఆ ముక్కల్ని చూసింది, నన్ను చూసింది.

"నువ్వు ముందు," అంది.

"మీరు పెద్దవారు. మీరే ముందు, పెద్ద మామా," అన్నాను నాకొచ్చిన ముక్కల అరబ్బీలో.

"యల్లా, త్వరగా కానీ! నువ్వు చావకపోతే నేను తింటాను."

మామా నావైపు బతిమాలుతున్నట్టు చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, మా ఊరి దేవుళ్ళందరినీ పిలిచి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నమలడానికి ధైర్యం చాలలేదు, మింగడానికి అంతకన్నా చాలలేదు. బుగ్గలో దాచుకుని కూర్చున్నాను.

"చచ్చావా?" అంది పెద్ద మామా.

నోరు తెరవలేక తల అడ్డంగా ఊపాను. ఆమె నవ్వింది. పళ్ళు లేని ఆ నవ్వు నేను చూడటం అదే మొదలు. నవ్వుతూనే ఒక ముక్క తీసుకుంది, ఇంకొకటి తీసుకుంది. మామా గబుక్కున పీతల తొట్టి వైపు తిరిగి నిలబడింది. నా బుగ్గలోది ఎప్పుడు కరిగిపోయిందో తెలియలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, వెన్నలా ఉంది.

ఆ రోజునుంచి పెద్ద మామా ఇంట్లో ప్రతి పూటా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు ముందు" అనడం మొదలుపెట్టింది. నేనొక ముద్ద తింటేగాని ఆమె చేయి కదిలేది కాదు. ఇదేదో రాజులకాలంనాటి వ్యవహారమని హడలిపోయి ఊళ్ళో పిన్నికి ఫోన్ చేశాను. "నన్ను ఇసం జూసే మనిషిగా పెట్టుకున్న్యారు పిన్నీ!"

"ఇన్ని దినాలు బతికే ఉండావంటే ఇసం లేనట్లే గదమ్మే. బాగా తిను," అంది పిన్ని. బాగానే తిన్నాను. బట్టలన్నీ బిగుతయ్యాయి.

చాలా రోజుల తరవాత మామా వంటింట్లో నాతో అంది: "మా నాన్న మొదటి ముద్ద తినేదాకా అమ్మ ఏనాడూ పళ్ళెంలో చేయి పెట్టలేదు. ఆయన పోయాక మేమంతా మర్యాదకు అమ్మ మొదలుపెట్టాలని చూస్తూ కూర్చున్నాం. అమ్మేమో ఎవరైనా మొదలుపెడతారేమోనని చూస్తూ కూర్చుంది."

విషం చూసే మనిషినని వణికిన ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, నవ్వు వెనకే ఇంకేదో కూడా. ఆ మాట విన్న మధ్యాహ్నం పళ్ళెం ముందు కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. మొదటి ముద్దను పెద్దరికంగా, తీరుబడిగా కలిపి, మెల్లగా నోటిదాకా తీసుకెళ్తున్నాను.

పెద్ద మామా నా మోచేతిని పొడిచింది. "ఏంటీ నిదానం? యల్లా, నాకు ఆకలేస్తోంది!"