ఖాళీ దినం

డెబ్బైల చివర్లో అనంతపురంలో మేం బాడుగకున్న మేడలో ఎనిమిది వాటాలు ఉండేవి. పైన నాలుగు, కింద నాలుగు, అన్నిటికీ కలిపి ఒకే బావి. మేడ యజమాని శెనక్కాయల మిల్లు సావుకారు. గార్లదిన్నె దగ్గర పొలాలు, ఊళ్ళో మిల్లు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. గోడలు పెచ్చులూడుతున్నాయని చెబితే "నీ మింద పడలేదు గదప్పా" అనేవాడు. పైకప్పు కారుతుందంటే నవ్వేవాడు. "ముందు వాన పడనీ. కారితే అప్పుడు చూస్తాం." ఏటా ఇదే మాట, ఏటా మా మగవాళ్ళు అప్పుడే విన్నట్టు పకపకా నవ్వేవాళ్ళు. నాకు సావుకారు కన్నా ఆ నవ్వులే ఎక్కువ అసహ్యంగా ఉండేవి.

బాడుగ కరారు పదకొండు నెలలకు రాసుకునేవాళ్ళం. అది ఎక్కడైనా ఉన్నదే. మా సావుకారు దానికి సొంత తెలివి ఒకటి జోడించాడు. కరారు తీరిన రోజున ఇల్లు నిజంగానే ఖాళీ కావాలి. మంచాలు, బిందెలు, దేవుడి పటాలతో సహా బయట పెట్టి, పొయ్యి ఆర్పి, తాళంచెవి అతని చేతిలో పెట్టాలి. ఒక్క పగలు ఇల్లు ఖాళీగా ఉంటే, ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నానని రేపు కోర్టులో ఎవడూ అనలేడని ఎవరో ప్లీడరు చెప్పాడట. సాయంత్రం దాకా మేం ఆవరణలో సామాన్ల మధ్య కూర్చునేవాళ్ళం. అతను గది గది తిరిగి, గోడలకు ఎన్ని మేకులు కొట్టామో చూసి, కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకుని తాళంచెవి తిరిగి ఇచ్చేవాడు. దాన్ని ఖాళీ దినం అనేవాళ్ళం. సిగ్గుమాలిన సంగతేమిటంటే, మా వాళ్ళు దాన్ని పండగ చేసుకున్నారు. తెల్లారకముందే చిత్రాన్నం కలుపుకోవడం, చాపలు పరుచుకుని పేకాడుకోవడం. తల ఊపమంటే ఊపే గంగిరెద్దుకైనా మాకన్నా రోషం ఉంటుంది.

ఒక ఏడు చలికాలంలోనే బావి అడుగంటింది. బుక్కరాయసముద్రం చెరువే నెర్రెలు విచ్చింది, ఇక మా బావి ఎంత. వీధి కొళాయి నుంచి మేడ మెట్ల మీదుగా బిందెలు మోసి మోసి నా భుజం వాచింది. బావి ఇంకాస్త లోతు తవ్వించమని ఆడవాళ్ళమంతా పోయి అడిగితే "నీళ్ళేమన్నా నా జేబులో పెట్టుకోనుండానామ్మా" అన్నాడు.

అప్పుడు కింది వాటాలోని రిటైరైన హెడ్మాస్టరుకు పౌరుషం వచ్చింది. అందరినీ మా ఇంట్లో కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. ఈసారి ఖాళీ దినం లేదు, బావి తవ్విస్తేనే సంతకం, ఒక్క చెంబు కూడా గడప దాటకూడదు. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ కర్పూరం వెలిగించి ప్రమాణం చేశారు. మా ఆయన పలికిన పలుకులు ఉత్తర కుమారుడు కూడా పలికి ఉండడు. తాలూకాఫీసులో గుమాస్తా ఆయన. గొంతు పెంచే అవకాశం ఇంట్లో తప్ప ఎక్కడా దొరకదు.

కింది మూల వాటాలో ఒక నేతగాడు, అతని భార్య ఉండేవాళ్ళు. ధర్మవరం నుంచి వచ్చినవాళ్ళు. సావుకారు ఒప్పుకున్నాకే గదిలో గుంత తవ్వి మగ్గం పెట్టుకున్నారు. ఏటా ఖాళీ దినానికి ముందే చేతిలో ఉన్న చీర ముగించి, మగ్గం విప్పి బయట పెట్టి, మరునాడు మళ్ళీ బిగించుకునేవాళ్ళు. ఆ ఏడు అతనికి పెళ్ళి చీరలకని పడుగు, అంటే నిలువు పోగుల పట్టు, వచ్చింది. ఇప్పుడు మగ్గానికి ఎక్కిస్తే ఖాళీ దినానికి మొదటి చీర సగంలో ఉంటుంది. ప్రమాణాలయ్యాక అతను లేచి నిలబడ్డాడు.

"నిజంగా నిలబడతారా అన్నా? ఎక్కించినాక నడిమిట్లో విప్పేదానికి కాదు. పట్టంతా చెడతాది. ఇచ్చినోళ్ళు మళ్ళా నాకు పనియ్యరు."

"కర్పూరం మింద చెయ్యి పెట్టినాం గదప్పా. ఇంకేం గావాల నీకి?" అన్నాడు మా ఆయన.

మరునాడే అతను పడుగు ఎక్కించాడు. వంకాయరంగు పట్టు. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చుని పోగు పోగూ అతుకుతుంటే పోయి చూశాను. మా మాట మీద అంత నమ్మకం పెట్టుకున్నవాళ్ళను చూస్తే నాకు భయం వేసింది. నోరు తెరిచి ఆ మాట చెప్పలేదు.

ఖాళీ దినం పొద్దున కసువు ఊడ్చడానికి మెట్లు దిగితే హెడ్మాస్టరు ట్రంకుపెట్టె ఆవరణలో ఉంది. "మా ఇంటామెకు నడుము నొప్పి తల్లీ. తగాదాలు పడే ఓపిక లేదు," అన్నాడు. ఆ నడుము నొప్పి మనిషే అతని వెనకాల బియ్యం డబ్బా ఎత్తుకుని వస్తోంది. పైన మంచాలు ఈడుస్తున్న చప్పుడు. మా ఆయన్ని అడిగితే నా మొహం చూడలేదు. ముందు రోజే మిల్లుకు పోయి, ఖాళీ చేస్తామని చెప్పి వచ్చాడట. మిగతావాళ్ళూ అంతే, ఒకరికి తెలియకుండా ఒకరు. మిల్లు వాకిట్లో ఒకరికొకరు ఎదురుపడలేదంటే నేను నమ్మను.

థూ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాను. అనుకుని, పొయ్యిలో నీళ్ళు చల్లి, బిందెలు నా చేతులతోనే కిందికి దించాను.

తొమ్మిదింటికి సావుకారు వచ్చాడు. ఏడు తాళంచెవులు అందాయి. మూల వాటాలో మగ్గం ఆడుతూనే ఉంది. సావుకారు గడపలో నిలబడ్డాడు.

"ఏమప్పా, నీకి వేరే చెప్పాల్నా?"

"చీర మగ్గం మీదుండాది సావుకారూ. ఒక్క నెల తాళు," అన్నాడు నేతగాడు.

"అందరూ ఖాళీ చేసినారు, నువ్వొక్కడివే చెయ్యల్యా. అంటే నా ఇంటి మింద కన్నేసినావు. పొద్దు మునిగేలోగా ఎత్తేయి. మళ్ళా తాళమిచ్చేది లేదు."

నేతగాడు ఆవరణలోకి వచ్చి మా అందరి వైపూ చూశాడు. మేం చిత్రాన్నం గిన్నెల వైపు చూశాం. అతను లోపలికి పోయాడు. భార్య పడుగును రెండు చేతులా పట్టుకుంటే అతను కత్తెరతో కోశాడు. అంత పట్టు కోస్తున్నా పెద్ద చప్పుడేమీ రాలేదు.

అప్పుడు పుట్టుకొచ్చింది మా మగవాళ్ళకు మంచితనం. హెడ్మాస్టరు పంచె ఎగ్గట్టాడు, మా ఆయన చొక్కా చేతులు మడిచాడు, మగ్గం కొయ్యలు మోయడానికి ఏడిళ్ళవాళ్ళూ ఎగబడ్డారు. నేతగాడు గడపకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దన్నా. మేం మోసుకుంటాం."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాకు కొంచెం సుఖంగా ఉండేది.

సాయంత్రం సంతకాలయ్యాయి. సావుకారు మా తాళంచెవి ఇవ్వబోతూ ఆగాడు. మూల వాటా కావాలంటే అదే బాడుగకు ఇస్తానన్నాడు. కింది ఇల్లు, మెట్లెక్కి బిందెలు మోసే పని ఉండదు, మగ్గం గుంత తనే పూడిపిస్తాడు. మా ఆయన నా వైపు తిరిగాడు. ఏ సంగతైనా నా వైపు తిరగడమే ఆయనకు తెలిసిన పని.

నేతగాడి సామాన్లు ఎక్కించిన బండి ఇంకా గేటు దాటలేదు. అతని భార్య అందులో మగ్గం కొయ్యల పక్కన కూర్చుని ఉంది, మా మాటలు వినిపించేంత దూరంలో.

"ఎప్పుడు పూడిపిస్తావన్నా?" అని సావుకారును అడిగింది నేనే.