మా అప్ప గుండె, మా తోట మోటారు

సైన్సు పరీక్షలో గుండె బొమ్మ గీయమన్నారు. నేను గీసింది చూసి మేష్టారు, "జీడిమామిడి పండు బాగానే వచ్చిందిరా, కింద జీడిపిక్క మరిచిపోయావు" అన్నారు. ఆ ఏడే బడి మానేశాను. నష్టం బడికీ లేదు, నాకూ లేదు. కాశీబుగ్గలో మోటార్ల రిపేరు నేర్చుకున్నాను. గుండెతో నా పని అయిపోయిందనే అనుకున్నాను, మా అప్ప కాళ్లు పొంగేదాకా.

అప్ప అంటే మా పెద్దక్క. పలాసలో జీడిపప్పు ఒలిచే పని. ఉన్నట్టుండి నడిస్తే ఆయాసం, సాయంత్రానికి పాదాలు బూరెలు. మా ఉద్దానంలో పాదాలు పొంగితే డాక్టరు దాకా పోనక్కర్లేదు, వీధి అరుగే చెప్పేస్తుంది: కిడ్నీలు. ఆ జబ్బుతో ఖాళీ అయిన ఇళ్లు అన్ని చూశాం మరి. చుట్టాలు వచ్చి చివరిచూపు చూసినట్టే చూసి వెళ్లారు. అప్ప కూడా పని దగ్గర తను కూర్చునే పీటను పక్కావిడకి ఇచ్చేసింది.

టెక్కలిలో రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయన్నారు. నేను గంతేశాను. అప్ప నమ్మలేదు.

"మనూరోలికి కిడ్నీలు బాగుండటమేటిరా? ఎవులి రగతమో సూసుంటారు."

అక్కడి డాక్టరమ్మ నవ్వింది. అప్ప గుండె మీద గొట్టం పెట్టి విన్నాక నవ్వు ఆపి, స్కానింగుకు పంపింది. తెర మీద కనబడిన గుండెకీ నా జీడిమామిడి పండుకీ చుట్టరికమే లేదు. నాలుగు గదులు, మధ్యలో తలుపులు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని కుడి గదులు ఊపిరితిత్తులకు తోస్తాయట. అక్కడ గాలి నింపుకొచ్చిన రక్తాన్ని ఎడమ గదులు మళ్లీ ఒంటికి తోస్తాయట. అప్పకి ఎడమ గదుల మధ్య తలుపు సరిగా మూసుకోవడం లేదు. ముందుకు పోవాల్సిన రక్తం ఊపిరితిత్తుల వైపు వెనక్కి తంతోంది. అందుకే ఆయాసం, అందుకే కాళ్లలో నీరు.

"ఫుట్ వాల్వు లీకు!" అన్నాను. నూతిలో పైపు అడుగున, ఎక్కిన నీరు జారిపోకుండా ఆపే తలుపది.

"అంతే. కాకపోతే మీ మోటారుకి కరెంటు స్తంభం నుంచి రావాలి. దీని కరెంటు దీన్లోనే పుడుతుంది" అంది డాక్టరమ్మ.

కోతలు లేని కరెంటు మా జిల్లాలో కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

ఆపరేషను విశాఖలో. గుండెను కాసేపు ఆపి తలుపు బాగుచేస్తారు, అంతసేపూ ఒక మిషను రక్తాన్ని తిప్పుతుంది. అప్ప ససేమిరా అంది.

"ఆపీసినాక మళ్లా తిరుగుతాదని ఎవుడు సెప్పినాడు? నానెల్లను."

వెళ్లకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ నోరు చెప్పలేదు గానీ మొహం చెప్పింది.

మర్నాడు అప్పను ఆటోలో వజ్రపుకొత్తూరు దగ్గర మా కొబ్బరితోటకు తీసుకెళ్లాను. ఊరందరి మోటార్లూ బాగుచేసే నాకు మా మోటారు చూసే తీరిక ఏది? నూతి దగ్గర అది ఉత్తినే తిరుగుతోంది, నీళ్లు లేవు.

"సూడప్పా, పైకెక్కిన నీరు మళ్లా నూతిలోకే జారిపోతంది."

మొక్కలు వాడిపోకుండా పక్కతోట మావ ఆయిలింజను నీళ్లు మా కాలువకు మళ్లించాను. అప్పుడు మోటారు ఆపాను. పైపు పైకి లాగి, వాల్వులో ఇరుక్కున్న కొబ్బరిపీచు తీసి, కొత్త వాషరు వేసి, మళ్లీ దించి, పైపులో బిందెడు నీళ్లు పోసి స్విచ్చి నొక్కాను. చుక్క రాలేదు. నా గుండె కూడా ఆగింది, దానికి మిషను కూడా లేదు. అంతలో గొట్టం దగ్గింది, గుక్క తిప్పుకుంది, దబదబా నీళ్లు కక్కింది.

వాచిన పాదాలు కాలువలో పెట్టుకుని అప్ప చాలాసేపు కూర్చుంది.

"ఎప్పుడెల్దుము?" అంది.

విశాఖలో పెద్ద డాక్టరు బయటికొచ్చి, "కొట్టుకుంటోంది, దానంతటదే" అనగానే నేను వేసిన ఈలకి వాచ్‌మన్ నన్ను గేటు బయట పెట్టాడు. గేటు బయట ఇంకోటి వేశాను.

ఈ ఏడు అప్ప తన పీట తను వెనక్కి తెచ్చుకుంది. నిన్న సముద్రం ఒడ్డున ఇసకమెట్ట ఎక్కుతుంటే, పైన గట్టిగా నిలబడ్డ ఆమె పాదాల మీద వాపు పోయి ఎముకలు కనబడుతున్నాయి. కింద నేను రొప్పుతున్నాను. రొప్పుతూ కూడా ఊరుకోలేకపోయాను.

"ఎంతైనా నాను మోటారు సూపించబట్టే కదప్పా నువ్వు ఆపరేషను బల్లెక్కినావు!"

అప్ప వెనక్కి తిరిగింది.

"నీ మోటారుకి కాదురా. మత్తిచ్చినాక నీ వాగుడు ఇనబడదని సెప్పినారు, అందుకెక్కినాను."