మా తోడికోడలి సాంబ్రాణి డబ్బా

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. దాచుకుందామని చాలా ఏళ్ళు చూశాను గానీ నా ముఖం నా మాట వినదు. అందుకే ముందుగానే చెప్పేస్తున్నాను. ఆమె మా మరిది భార్య, యానాం పిల్ల. నాకంటే చిన్నది, నాకంటే సన్నగా ఉంటుంది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, మా ఊరి యాస కూడా ఇట్టే పట్టేసింది. అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. సాంబ్రాణి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నావల్ల కాలేదు.

మాది పాండిచ్చేరి కోసపాళయంలో పూజసామాన్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. కుంకుమ, కర్పూరం, వత్తులు, గంటలు అన్నీ అమ్ముతాం గానీ మాకు పేరొచ్చింది సాంబ్రాణితోనే. గుడికి కొంటారు, చర్చికి కొంటారు, దర్గాకూ కొంటారు. ఏ దేవుడికైనా పొగ ఒకటేననేవారు మా మామగారు. అసలు ఆ బంక పుట్టేదే మన దగ్గర కాదట. సుమత్రా దీవి చెట్లది. ఆయన తాతల కాలంలో ఓడల్లో దిగేదట. ఎక్కడి చెట్టు, ఎక్కడి దేవుడు! అప్పట్లో దాన్ని ఎవరూ ప్రపంచీకరణ అని పెద్ద పేరు పెట్టి పిలవలేదు, వ్యాపారమన్నారంతే.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో వేసే ధూపం అంగట్లో అమ్మేది కాదు. అది ఇంటి పొడి. పాల సాంబ్రాణి, గుగ్గిలం, వట్టివేళ్ళు, కచ్చూరాలు, ఇంకా కొన్ని పడతాయి. అవేమిటో, ఏది ఎంతో అత్త పెద్దకోడలికి చెవిలో చెబుతుంది. మా అత్తకు వాళ్ళ అత్త చెప్పింది, నాకు మా అత్త చెప్పింది. ఆ పొడి దంచేటప్పుడు వాసన చూడకూడదు. దేవుడికంటే ముందు మనం చూస్తే ఎంగిలైపోతుంది. ముక్కుకు అడ్డంగా కొంగు కట్టుకుని దంచాలి, చేతి కొలతే కొలత. పొగ లేచాక దానికి వంక పెట్టకూడదు. అలా ఇరవై ఏళ్ళు దాటి దంచాను. మా అత్త ఏనాడూ వంక పెట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఆవిడ నోట మెప్పు రావాలంటే రాతిలో నార తీసినట్టే. వంక పెట్టలేదంటే బాగున్నట్టేనని సరిపెట్టుకున్నాను. చదువులో, తెలివిలో, డబ్బులో అన్నిట్లోనూ చిన్నదానిదే పైచేయి. ఆమెకు లేనిది, నాకున్నది, ఈ ఇంట్లో ఆ పొడి ఒక్కటే.

ఇంతలో మా అంగడి వెలవెలబోయింది. చైనా పుల్లలు, వియత్నాం పుల్లలు వచ్చాయి. అగ్గిపుల్ల గీస్తే చాలు, నిప్పులు రాజేసే పని లేదని కంప్యూటర్ సాంబ్రాణి వచ్చింది. ఆ తరవాత పూజసామాన్లు కూడా ఫోనులోనే కొనేస్తున్నారు. నా మొగుడు గల్లాపెట్టె ముందు కూర్చుని ఈగలు తోలుకునే రోజులు వచ్చాయి. అప్పుడు చిన్నది తట్టాంచావడిలో ఓ రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సువాసన కొవ్వొత్తులు పోయడం మొదలుపెట్టింది. "తాదూర కంత లేదు, మెడకో డోలు" అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

ఆ డోలు మోగింది. బీచి వైపు వీధుల్లో దొరసానుల దుకాణాల వాళ్ళు కొన్నారు. అక్కణ్ణుంచి ఒక ఫ్రెంచావిడ పరిచయమైంది. వాళ్ళ ఊళ్ళో ఆవిడకు యోగా శాలలు ఉన్నాయట. అమ్మేవి వద్దు, మీ ఇంట్లో మీరు వేసుకునేది ఏదో చూపించమందట. చిన్నది ఆవిణ్ణి శుక్రవారం సాయంత్రం మా మేడ మీదికి తీసుకొచ్చింది.

నేను అప్పుడే పొడి గిన్నెలో పోసి దేవుడి ముందు పెట్టి, నిప్పుల కోసం వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి ఆ దొరసాని గిన్నె చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తోంది! మా అత్త వైపు చూశాను. ఇప్పుడు తిట్లు పడతాయి చిన్నదానికి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషం కూడా వేసింది.

మా అత్త పకపకా నవ్వింది. "పోనీలేవే, పాపం దానికేం తెలుసు! పెద్దదానా, అది పారబోసి వేరే దంచుకో" అంది. అదే పని నేను చేసుంటే ఏడాది పొడుగునా దెప్పేది. వాళ్ళు ముగ్గురూ హాల్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, నేను ముక్కుకు కొంగు కట్టుకుని మళ్ళీ రోలు ముందు కూర్చున్నాను.

మర్నాడు చిన్నది వంటింట్లోకి వచ్చింది. "అక్కా, ఆ పొడి పాళ్ళు చెప్తావా? ఆ దొరసానికి అదే కావాలంట. ఆర్డరు మన అంగడి పేరు మీదే రాయిస్తా" అంది.

"అది దేవుడిది. అమ్ముకునేది కాదు" అన్నాను. దేవుడి మీద నెట్టాను గానీ, నా కడుపులో మాట వేరే. ఉన్న ఒక్కటీ నీకెందుకు ఇవ్వాలి?

ఆమె అత్త దగ్గరికి వెళ్ళింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. "అది పెద్దదాని సొత్తు. నన్ను ఏందే అడిగేది? దాన్నే అడుక్కో పో" అంది అత్త. ఆ పూట నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే పోయింది.

చిన్నది ఊరుకునే రకమా? తనే కలపడం మొదలుపెట్టింది. ఆమెకు నియమాలేం అడ్డం? ఒక్కొక్కటీ నలపడం, వాసన చూడడం, పారెయ్యడం, మళ్ళీ కలపడం. ఒకరోజు పూజ బీరువా ఖాళీ చేసి అరల్లో తల దూర్చి కనిపించింది. మా అత్తగారి అత్త కాలంనాటి టేకు బీరువా అది. "ఏందే, బల్లి పడిందా?" అన్నాను. "లేదక్కా, చెక్కలో పాత వాసన ఉండాది, చూస్తాన్నా" అంది. నేను నవ్వాను.

సాంబ్రాణి డబ్బాలు తయారయ్యాయి. మూత మీద ఫ్రెంచిలో "పాండిచ్చేరి సాయంత్రం" అని రాసి ఉంటుందట. దేవుడి బొమ్మ లేదు. ఫ్రాన్సులో బళ్ళలో, సర్కారు ఆఫీసుల్లో దేవుళ్ళ గుర్తులుంటే గొడవలట, అందుకని ఆ ఫ్రెంచావిడ వద్దంది. ఇక్కడేమో వీధిలో కొత్తగా సంఘం పెట్టిన కుర్రాళ్ళు వచ్చి, దేవుణ్ణి ఎందుకు తీసేశారని నిలదీశారు. "బొమ్మ వేస్తే డబ్బా చెత్తకుండీలోకి పోతుంది తమ్ముడూ, దేవుణ్ణి చెత్తలో వేద్దామా?" అంది చిన్నది. వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. నాకైతే ఆ జవాబు ఏడాదికైనా తట్టేది కాదు. దానికీ కుళ్ళుకున్నాను.

ఆమె ఇంట్లోకని ఒక డబ్బా ఇస్తే అల్మారాలో వెనక్కి తోసేశాను. తరవాత ఎక్కడో సముద్రంలో ఓడల దారి చెడిందని సరుకు ఆగిపోయింది. పాల సాంబ్రాణి ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. శుక్రవారం రానే వచ్చింది. ఇంట్లో ధూపం లేకుండా దీపం పెట్టకూడదు. గతిలేక, ఎవరూ చూడకుండా చిన్నదాని డబ్బా తెరిచి నిప్పుల మీద పోశాను.

మా అత్తకు ఇప్పుడు కళ్ళు సరిగా కనిపించవు. హాల్లో మంచం మీద ఉంటుంది. పొగ అటు పోయిందో లేదో, లేచి కూర్చుంది.

"పెద్దదానా! ఇట్రా."

వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని నిమిరింది.

"ఇన్నేళ్ళకు కుదిరిందే నీ చెయ్యి. అచ్చం మా అత్త వేసినట్టే ఉండాది. దేవుడికి ఇచ్చినదానికి వంక పెట్టరాదని నోరు మూసుకుని ఉంటిని. ఈ పొద్దు కుదిరింది."

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన మెప్పు అది. వచ్చింది మాత్రం చిన్నదాని పొడికి. ముక్కు మూసుకుని దంచీ దంచీ నా చెయ్యి ఎప్పుడు దారి తప్పిందో నాకు తెలియదు. ఆవిడకు తెలుసు. ప్రతి శుక్రవారం తెలుసు! నియమం తప్పి, పాత బీరువా చెక్కను కూడా వాసన చూసినదానికేమో ఆ వాసన దొరికింది.

సిగ్గు విడిచి తట్టాంచావడి వెళ్ళాను. షెడ్డులో మురుంగపాక్కం నుంచి వచ్చిన ఆడపిల్లలు డబ్బాలకు మూతలు బిగిస్తున్నారు. "నీ పొడిలో ఏమేం వేస్తావే?" అని చిన్నదాన్ని అడిగాను.

ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది. "చెప్పకూడదక్కా. ఎవరికీ చెప్పనని ఆ కంపెనీకి సంతకం పెట్టినా. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదంట. నీకు కావాలంటే డబ్బాలు ఎన్నైనా తీసుకో" అంది.

ఆమె ఒక్క మాట పొడిచి ఉంటే నేనూ తిరిగి పొడిచేదాన్ని. నువ్వు నాకు చెప్పావా అని ఆమె అనలేదు. సంచీ నిండా డబ్బాలు పెట్టి, ఆటో దాకా మోసుకొచ్చింది.

ఇప్పుడు సాంబ్రాణి మళ్ళీ దొరుకుతోంది. అయినా ప్రతి శుక్రవారం డబ్బాలోదే వేస్తున్నాను. రోలు చప్పుడు మాత్రం చేస్తాను. మొన్న శుక్రవారం చిన్నది ఇంట్లోనే ఉంది. పొగ హాల్లోకి రాగానే ఆమె ముక్కు గుర్తుపట్టింది, నా వైపు చూసింది. అప్పుడే మా అత్త మంచం మీంచి గొంతెత్తింది.

"చిన్నదానా, పెట్టెలకు పెట్టెలు పరదేశానికి పంపుతావే, ఇట్లా ఒక్కసారన్నా కుదిరిందా నీకు? యాడ కుదురుతుంది! పెద్దదాన్ని చూసి నేర్చుకో."

ధూపం పళ్ళెం పట్టుకుని చిన్నదాని నోటి వైపే చూశాను. ఒక్క మాట చాలు, నా పరువు పోవడానికి.

"అవునత్తా" అంది చిన్నది. "అక్క చెయ్యి అక్క చెయ్యే."

పొగలో కళ్ళు మండుతున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆమె స్థానంలో నేనుంటే ఆ మాట అనేదాన్ని కాదు. అందుకే ఆమెను చూస్తే నాకు ఇంకా కుళ్ళు.