గజానికి కట్టిన ఎర్ర దారం

ఆ చాప ఇటు లాక్కొని దగ్గరగా కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే సంగతి కాదు.

మాది కెంచనగుడ్డ పక్కన, తుంగభద్ర ఒడ్డు. ఏటి తుమ్మపొదల్లోంచి అడవిపందులు మా వరిలోకి దిగుతాయి. తినేదానికంటే తొక్కేదే ఎక్కువ. అందుకని మా మామ కాలం నుంచి మా ఇంట్లో పంట కాపలాకు లైసెన్సు తుపాకి ఉంది. పాతకాలపుది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన సీసపు గుండు వేసి, ఇనుప కడ్డీతో అడుగుదాకా తోయాలి. ఆ కడ్డీని గజం అంటారు.

గుండ్లు నా మగడు ఇంట్లోనే పోసేవాడు. చినిగిపోయిన చేపల వలల సీసం తెచ్చి, పెరట్లో పొయ్యి పెట్టి, పాత పోపు గరిటెలో కరిగించి అచ్చులో పోసేవాడు. ఆ గరిటె మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదని నా కట్టడి. దాని పిడికి గుడ్డపేలిక చుట్టి పశువుల కొట్టంలో తగిలించాను. అచ్చు రెండు చెక్కలూ కలిసే చోట గుండుకు సన్నని అంచు వస్తుంది. దాన్ని ఆకురాయితో అరగదీసేదాకా ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆ తర్వాత నేను కంచం బోర్లించి, దాని మీద గుండును దొర్లించేదాన్ని. నున్ననిది నేరుగా పోతుంది. అంచు మిగిలినది తూలుతుంది. తూలినది మళ్ళీ గరిటెలోకే.

పెళ్ళైన కొత్తలో ఆయన గజానికి ఎర్ర దారం ముడివేసి నాకు చూపించాడు.

"గుండు పోయి మందు మింద కూర్చుంటే ఈ దారం మూతికాడికి వస్తాది. పైన నిలబడిందంటే గుండు నడుమ ఇరుక్కుండాదని. అట్ల పేలిస్తే గొట్టమే పగుల్తాది."

"నాకెందుకప్పా ఇదంతా?"

"నేను మరిస్తే నువ్వన్నా చూస్తావని" అని నవ్వాడు.

మొన్నటి పంటకు ఆయన వేరే మనిషి అయిపోయాడు. గుండ్లు ఒక్కడే పోసుకున్నాడు. నేను కంచం తెస్తే కసురుకున్నాడు.

"ఏంది, పెసలు ఏరినట్ల నా గుండ్లు ఏరేది? సాలు, పో."

"పెసల్లో రాయొస్తే పన్ను పోతాది. దీంట్లో వస్తే ఏం పోతాదో?"

"మే, పొద్దున్నే నోరు పెట్టుకోవద్దు."

పచ్చిమిరపకాయ అనుకొని చిక్కుడుకాయను కంచం అంచున పెట్టేవాడు. ఫోను ముక్కుకు ఆనించుకొని చూసేవాడు. కన్ను చూపించుకుందాం రమ్మంటే, దుమ్ము పడిందనేవాడు. లైసెన్సు మళ్ళీ రాయించుకోవలసిన ఏడు అది. చూపు తగ్గిందని తెలిస్తే ఇవ్వరని ఆయన భయం. ఆ తుపాకి ఆయన చేతిలోనే ఏమన్నా అవుతుందని నా భయం.

వరి పాలు పోసుకునే రోజుల్లో ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే పందులు దిగాయి. మేమిద్దరం గట్టు మీద ఉన్నాం. ఆయన మందు పోశాడు, గుండు వేశాడు, గజంతో తోశాడు. గజం ఒకచోట ఆగింది. గట్టిగా అదిమాడు. అడుగు తగిలిందనుకున్నాడు. ఎర్ర దారం మాత్రం మూతికి జానెడు పైన ఉంది.

"ఏమప్పా, దారం చూడు."

"చూసినా. సరింగానే ఉండాది."

"యాడుండాది? ఏలు పెట్టి చూపించు."

"పందులు మేస్తాంటే నీకు ఆటలా?"

"చూపించు, ఆనెక పేల్చుకో."

ఆయన వేలు మూతి దగ్గర పెట్టాడు. నేను పక్కనుంచి ఆ వేలు పట్టుకొని గజం వెంబడి పైకి జరిపాను. జానెడు పోయాక ముడి తగిలింది. ఆ ముడిని రెండు వేళ్ళతో నలుపుతూ ఆయన అట్లాగే నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ళనించి?" అన్నాను.

"పోయిన కోతలనించి. కుడికంట్లో పొగ పట్టినట్ల ఉంటాది. ఎడమది కూడా మసకేస్తాండాది."

తుపాకి మెల్లగా గట్టు మీద పడుకోబెట్టాడు. చీకటి పడేదాకా వరి నలిగే చప్పుడు వింటూ కూర్చున్నాం. నేను టిఫిను మూత వాయించాను. పందులు తల కూడా ఎత్తలేదు.

తెల్లవారి, మందు అంటుకోకుండా తడిసేలా గొట్టంలో నీళ్ళు పోసి, లైసెన్సు కాగితం జేబులో పెట్టుకొని, తుపాకితో బళ్ళారి వెళ్ళాం. బ్రూస్‌పేట సందులో తుపాకులు బాగుచేసే ముసలి సాయిబు ఆ గుండును బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని నడుముకు గోరంత అంచు.

"ఎవురక్కా దీన్ని పోసింది? గుడ్డోడు పోసినట్ల ఉండాది" అన్నాడు సాయిబు నవ్వులాటకు.

నేను నేల చూశాను.

"నేనే, సాయిబూ" అన్నాడు నా మగడు. "నాకు కనపడల్యా."

కనపడదన్న మాట ఇంకొకరి ముందు ఆయన నోట రావడం అదే మొదలు.

సాయిబు నవ్వు ఆపేశాడు. "ముందు కండ్లు చూపించుకో అప్పా. తుపాకి యాడికీ పోదు."

కంటికి కత్తి పెడతారని ఆయనకు ఇంకా జంకు. రేపు, ఎల్లుండి అంటూనే ఉన్నాడు. తుపాకి సాయిబు దగ్గరే ఉంది, ఇంటికి రాలేదు. పందులు మాత్రం వస్తూనే ఉన్నాయి. నేను గుండ్లు దొర్లించిన కంచాన్నే గట్టు మీద కూర్చొని వాయిస్తున్నాడు, ఎటు వాయించాలో తెలియక అన్ని దిక్కులకూ. ఆ చప్పుడు ఆగితే నేను పొయ్యి వదిలేసి గుమ్మంలోకి వస్తాను.

పొద్దుపోయింది, లేవండి. మీ ఇంట్లోవాళ్ళ కళ్ళు చల్లగా ఉండాలి. కనపడనప్పుడు కనపడలేదని చెప్పుకునే మనిషి మీ అందరికీ పక్కనే ఉండాలి. మీ చేలో పండింది మీ గాదెకే చేరాలి.